సమాధానం చూసి కూర్చున్న రీడ్‌లు: బైసల్ఫైట్ అలైన్‌మెంట్‌పై ఒక కేస్ స్టడీ

మొత్తం 16 నమూనాలు, రెండు విడతలు. మొదటి విడతలో 8, అన్నీ ఆరోగ్యవంతమైన కణజాలం. రెండో విడతలో 8: ఆరు కణితి నమూనాలు, రెండు ఆరోగ్యవంతమైనవి. అన్నిటికీ మొత్తం జీనోమ్ బైసల్ఫైట్ సీక్వెన్సింగ్ జరిగింది. డీఎన్‌ఏలో ఏ సైటోసిన్ (సీ అక్షరం) మీద మిథైల్ గుంపు ఉందో, అంటే మిథైలేషన్ ఎక్కడుందో, చదివే పద్ధతి అది. మొదటి విడత విశ్లేషణ కొన్నేళ్ల కిందటే వేరే చోట పూర్తయింది. అందులోంచి నా చేతికి వచ్చినవి బ్యామ్ ఫైళ్లు (సీక్వెన్సర్ చదివిన చిన్న ముక్కలు, అంటే రీడ్‌లు, జీనోమ్‌లో ఎక్కడ కూర్చున్నాయో రాసి ఉండేవి), ప్రతి సీపీజీ (సీ పక్కనే జీ వచ్చే చోటు) దగ్గర మిథైలేషన్ శాతం రాసిన పట్టికలు మాత్రమే. రెండో విడత మొత్తం నేనే చేశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కణితిలో మిథైలేషన్ ఎక్కడ తగ్గిందో చెప్పడం నా పని.

ఎక్కడ తగ్గిందో చాలా తేలిగ్గా కనిపించింది. జీనోమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే పునరావృత భాగాల్లో, ముఖ్యంగా అలూ, లైన్-1 కుటుంబాల్లో, కొత్త విడత పాత విడత కన్నా స్పష్టంగా కిందికి ఉంది. క్యాన్సర్‌లో డీఎన్‌ఏ మిథైలేషన్ తగ్గుతుందన్న సంగతి 1983 నుంచీ తెలిసిందే. ఆ తగ్గుదలలో పునరావృత భాగాల వాటా పెద్దదన్నదీ తెలిసిందే. వచ్చిన ఫలితం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

వచ్చింది లైబ్రరీలు (సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసిన సహోద్యోగికి. ఆవిడ నా గ్రాఫ్ చూసి ఒక్కటే అడిగారు: "కొత్త విడతలో కావాలనే రెండు మంచి నమూనాలు కలిపాను కదండీ, అవి ఎక్కడున్నాయి?" వెతికి చూపించాను. పాత విడతలోని ఆరోగ్యవంతమైన నమూనాల దగ్గర అవి లేవు. కణితుల గుంపులో ఉన్నాయి.

ఆ రెండు చుక్కలే లేకపోతే ఈ కేసు లేదు. విడత, జబ్బు ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన ప్రయోగంలో ఏది దేనివల్ల అయిందో లెక్కలతో విడదీయలేం. ఆవిడ ముందుచూపుతో ఆ రెండు నమూనాలు కలపకపోతే, నేను ఆ ఫలితాన్ని నమ్మకంగా రాసి పంపేసేవాణ్ణి.

అలైన్‌మెంట్ ఎందుకు కష్టం

కేసు అర్థం కావాలంటే ఇది కొంచెం చెప్పుకోవాలి. రీడ్‌ని రిఫరెన్స్‌తో, అంటే ప్రామాణిక జీనోమ్‌తో, పోల్చి అది ఎక్కడిదో తేల్చడమే అలైన్‌మెంట్. ఆ పని చేసే ప్రోగ్రామ్ అలైనర్. డీఎన్‌ఏని సోడియం బైసల్ఫైట్‌తో చర్య జరిపిస్తే, మిథైల్ గుంపు లేని సైటోసిన్ యురాసిల్‌గా మారుతుంది, పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచే చర్య) తర్వాత అది టీ అని చదవబడుతుంది. మిథైల్ ఉన్న సైటోసిన్ సీ గానే మిగులుతుంది. 1992లో బైసల్ఫైట్ సీక్వెన్సింగ్ మొదలైనప్పటి నుంచీ ఈ రంగం ఈ ఒక్క రసాయన చర్య మీదే నడుస్తోంది. మనిషి జీనోమ్‌లో సుమారు 2 కోట్ల 80 లక్షల సీపీజీ స్థానాలున్నాయి. మామూలు కణజాలంలో వాటిలో 70 నుంచి 80 శాతం దాకా మిథైల్ అయి ఉంటాయి. సీపీజీ కాని సీలు మాత్రం చాలా కణజాలాల్లో దాదాపు అన్నీ టీలు అయిపోతాయి. అంటే సీక్వెన్సర్ నుంచి వచ్చే రీడ్‌లో సీ అక్షరం అరుదు. అలాంటి రీడ్‌ని మామూలు అలైనర్‌కి ఇస్తే రిఫరెన్స్‌లో సీ ఉన్న ప్రతిచోటా పొరపాటు లెక్కించి, ఎక్కడా కూర్చోబెట్టలేక వదిలేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మార్పిడి తర్వాత డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకదానికొకటి పూరకాలుగా ఉండవు. వాటికి పీసీఆర్‌లో పుట్టే ప్రతిరూపాలు కలిపితే మొత్తం నాలుగు రకాల పోగులు. దిశ కాపాడిన లైబ్రరీల్లో రీడ్‌లు వీటిలో రెండింటి నుంచే మొదలవుతాయి. మా రెండు విడతలూ అలాంటివే. కాబట్టి ఆ గొడవ ఈ కేసులో లేదు.

ఈ చిక్కుకి రెండు విరుగుళ్లున్నాయి. ఒకటి వైల్డ్‌కార్డ్ దారి: రీడ్‌లో టీ ఉంటే అది రిఫరెన్స్‌లోని సీ తోనైనా టీ తోనైనా సరిపోవచ్చు, రీడ్‌లో సీ ఉంటే సీ తోనే సరిపోవాలి. 2009లో వచ్చిన బీఎస్‌మ్యాప్ ఈ తరహాది. రెండోది మూడక్షరాల దారి: రీడ్‌లోని సీలన్నిటినీ టీలుగా మార్చేస్తారు, రిఫరెన్స్‌లోనూ అంతే. రెండో పోగు కోసం జీలను ఏలుగా మార్చిన ఇంకో రిఫరెన్స్ ఉంటుంది. మిగిలిన మూడు అక్షరాలతో అలైన్‌మెంట్ జరుగుతుంది. రీడ్ స్థానం తేలాక, మార్చక ముందున్న అక్షరాలను తీసి మిథైలేషన్ చదువుతారు. బాబ్రహామ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి 2011లో వచ్చిన బిస్మార్క్, 2014లో వచ్చిన బీడబ్ల్యూఏ-మెథ్ ఈ దారిలో నడుస్తాయి.

పాత విడత వైల్డ్‌కార్డ్ తరహా అలైనర్‌తో జరిగింది. కొత్త విడత నేను బిస్మార్క్‌తో చేశాను. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. ఫైల్ హెడర్‌లోనే రాసి ఉంది. రెండూ అలైనర్లే కదా, స్థానం స్థానమే కదా అనుకున్నాను.

ముందు వెతికిన చోట్లు

పోలికను మార్చాను. కణితుల్ని పక్కనపెట్టి, కొత్త విడతలోని రెండు ఆరోగ్యవంతమైన నమూనాలను పాత 8 నమూనాలతో పోల్చాను. మనుషుల మధ్య ఉండే మామూలు హెచ్చుతగ్గులు తప్ప ఇక్కడ ఒకే వైపుకి మొగ్గే తేడా రాకూడదు. ఏది వచ్చినా అది విడత తేడాయే. ఈ పోలిక దగ్గరే చాలా రోజులు ఉన్నాను.

మార్పిడి సరిగా జరగలేదేమో అని మొదట చూశాను. రెండు విడతల్లోనూ మిథైల్ లేని లాంబ్డా ఫేజ్ (ఒక బ్యాక్టీరియా వైరస్) డీఎన్‌ఏ కలిపి ఉంది. ఆ 48,502 బేస్‌ల జీనోమ్‌లో మిథైలేషన్ ఉండదు, కాబట్టి అక్కడ కనిపించే ప్రతి సీ మార్పిడి జరగని సైటోసినో, సీక్వెన్సింగ్ పొరపాటో. రెండు విడతలూ బాగున్నాయి.

తర్వాత రీడ్‌లో స్థానాన్ని బట్టి మిథైలేషన్ ఎలా మారుతోందో చూశాను. ప్రతి డీఎన్‌ఏ ముక్కనూ రెండు చివర్ల నుంచి చదువుతారు, అలా వచ్చేవే ఒక జత రీడ్‌లు. కొత్త విడతలో రెండో రీడ్ మొదటి కొన్ని బేస్‌ల దగ్గర గీత కిందికి జారింది. ముక్కల చివరలు సరిచేసేటప్పుడు ఎంజైమ్ మిథైల్ లేని సీలతో ఖాళీలు నింపుతుంది, ఆ సీలు తర్వాత టీలవుతాయి. అక్కడ కనిపించే తక్కువ మిథైలేషన్ కణానిది కాదు, మనం నింపినది. ఆ బేస్‌లను లెక్కలోంచి తీసేశాను. తేడా కొద్దిగా తగ్గింది, పోలేదు.

రీడ్ పొడవు కూడా వేరు: పాతవి 100 బేస్‌లు, కొత్తవి 150. పొడవైన రీడ్ పునరావృత భాగాల్లోకి లోతుగా వెళ్లగలదు. కొత్తవాటిని 100కి కత్తిరించి మళ్లీ నడిపాను. తేడా అలాగే ఉంది, ఇంకాస్త తేటగా కనిపించింది కూడా.

అప్పుడు చేయాల్సిన పని చేశాను. తేడా జీనోమ్‌లో ఎక్కడ ఉందో భాగాలవారీగా విడగొట్టాను. ఒకే ఒక్క ప్రతి ఉన్న చోట్ల, సీపీజీ దీవుల్లో (సీపీజీలు గుంపుగా ఉండే చోట్లు), జన్యువుల లోపల, రెండు విడతలూ ఒక్కటే. తేడా మొత్తం పునరావృత భాగాల్లోనే. అక్కడా సమానంగా లేదు. అలూ కుటుంబంలో పాత శాఖ అయిన అలూ-జే దగ్గర కొంచెం, అన్నిటికన్నా చిన్న వయసు శాఖ అలూ-వై దగ్గర చాలా ఎక్కువ. అలూలు మనిషి జీనోమ్‌లో 10 లక్షలకు పైగా ప్రతులున్న కుటుంబం. శాఖ వయసు ఎంత తక్కువైతే దాని ప్రతులు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. రసాయన చర్యకు అలూ వయసు తెలియదు. ప్రతుల మధ్య పోలిక ఎంత దగ్గరో పట్టించుకునేది అలైనర్ ఒక్కటే.

ఒక అలూ దగ్గర ఆగి

శాతాలు పక్కనపెట్టి రీడ్‌లు చూడడానికి కూర్చున్నాను. ఒక అలూ-వై తీసుకుని, అందులోని ఒక సీపీజీ మీద పడిన రీడ్‌లను పాత నమూనాలో, కొత్త నమూనాలో పక్కపక్కన తెరిచాను. పాతదాంట్లో రీడ్‌లు పలచగా ఉన్నాయి, ఉన్నవన్నీ సీ చూపిస్తున్నాయి. కొత్తదాంట్లో ఆ స్థానం దాదాపు ఖాళీ. కొంచెం పక్కకు జరిగితే, అలూ అంచు దాటి ఒంటరి క్రమంలోకి వెళ్లగానే, రెండూ ఒకేలా నిండుగా ఉన్నాయి.

సంగతి అక్కడ అర్థమైంది. కాగితం మీద రాసుకున్నది ఇది:

ఒక అలూ ప్రతిలో ఏ-సీ-జీ-ఏ అని ఉంది. ఇంకెక్కడో ఉన్న మరో ప్రతిలో మిగతా అంతా అచ్చు అదే, ఇక్కడ మాత్రం ఏ-టీ-జీ-ఏ. మొదటి ప్రతి నుంచి రెండు రీడ్‌లు వచ్చాయి. ఒకటి మిథైల్ అయినది, ఏ-సీ-జీ-ఏ గానే వస్తుంది. రెండోది మిథైల్ కానిది, ఏ-టీ-జీ-ఏ అయి వస్తుంది.

వైల్డ్‌కార్డ్ అలైనర్ చేతిలో మొదటి రీడ్‌లోని సీ రెండో ప్రతితో సరిపోదు, మొదటి ప్రతితోనే సరిపోతుంది. ఒకే చోటు దొరికింది, రీడ్ నిలిచింది. రెండో రీడ్‌లోని టీ రెండు ప్రతులతోనూ సరిపోతుంది. ఎక్కడిదో తేలదు, రీడ్ తీసేశారు. మిగిలినవి మిథైల్ అయిన రీడ్‌లే. నిజంగా సగం మిథైల్ అయి ఉన్న స్థానం పట్టికలో నూటికి నూరుగా పడుతుంది.

మూడక్షరాల దారిలో రెండు రీడ్‌లూ ఏ-టీ-జీ-ఏ అయిపోతాయి, రెండు ప్రతులూ అంతే. రెండు రీడ్‌లూ తేలవు, రెండూ పోతాయి. ఆ స్థానం గురించి మనకు ఏమీ తెలియదు. కానీ అబద్ధం చెప్పలేదు.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే యాదృచ్ఛికం కాదన్నదే నన్ను ఎక్కువగా కదిలించింది. మిథైల్ సైటోసిన్ కాలక్రమంలో దానంతటదే టీగా మారిపోతుంటుంది. జీనోమ్‌లో సీపీజీలు అరుదుగా ఉండడానికి కారణం అదే. సీపీజీలు దండిగా ఉన్న అలూ ప్రతులు ఒకదానికొకటి ఎక్కువగా వేరుపడేది కూడా సరిగ్గా అక్కడే, సీ నుంచి టీకి. అంటే ప్రతుల్ని వేరుచేసే అక్షరాలూ, మనం మిథైలేషన్ చదివే అక్షరాలూ చాలాచోట్ల ఒక్కటే. మనం ఏ అక్షరాన్ని కొలవాలనుకున్నామో, రీడ్ ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేదీ అదే అక్షరం. వైల్డ్‌కార్డ్ అలైన్‌మెంట్ ఇలాంటి చోట్ల సమాధానం చూసి మరీ స్థానం ఎంచుకుంటోంది.

నిరూపించడం

కాగితం మీద సరిపోయిందని వదిలేయలేదు. చేతిలో ఉన్న పాత బ్యామ్ ఫైళ్లలోనే ఒక పరీక్షకు అవకాశం ఉంది. పునరావృత భాగంలోని ఒకే సీపీజీ మీద పడిన రీడ్ జతలను రెండుగా విడదీశాను: జతలోని అవతలి రీడ్ పక్కనున్న ఒంటరి క్రమంలో నాటుకున్నవి, రెండు రీడ్‌లూ పునరావృత భాగం లోపలే ఉన్నవి. మొదటి రకానికి చోటు తేల్చింది జతగాడు. కాబట్టి సీ ఉన్నా టీ ఉన్నా అది నిలుస్తుంది. ఒకే కణజాలం, ఒకే స్థానం, ఒకే ఫైలు. రెండు రకాలూ ఒకే శాతం చెప్పాలి. చెప్పలేదు. లోపలే ఉన్న జతలు ఎక్కువ మిథైలేషన్ చూపించాయి, నాటుకున్నవి తక్కువ. ఆ తక్కువ విలువ కొత్త విడతతో కలిసింది.

నాకు ఈ పరీక్ష అన్నిటికన్నా నచ్చింది. ఎవరి దగ్గరైనా పాత వైల్డ్‌కార్డ్ ఫైళ్లు ఉంటే, ముడి డేటా లేకపోయినా ఒక పూటలో చేసుకోవచ్చు.

రెండో పరీక్ష అనుకరణ. రిఫరెన్స్ నుంచి 100 బేస్‌ల జత రీడ్‌లు తయారుచేశాను. ప్రతి సీపీజీకి మిథైలేషన్ సరిగ్గా 50 శాతం అని పెట్టాను. నిజం మనకు తెలుసు కాబట్టి వాదనకు తావు లేదు. ఒంటరి భాగాల్లో రెండు దారులూ 50 దగ్గరే నిలిచాయి. చిన్న వయసు అలూల్లో మూడక్షరాల దారి 50 దగ్గరే ఉంటూ చాలా స్థానాలను ఖాళీ వదిలింది. వైల్డ్‌కార్డ్ దారి ఎక్కువ స్థానాలను నింపి, వాటిలో చాలావాటిని 50కి పైకి ఎత్తింది. కవరేజ్ పటం (ఎక్కడ ఎన్ని రీడ్‌లు పడ్డాయో చూపేది) ఒక్కటే చూసేవారికి వైల్డ్‌కార్డే మేలుగా కనిపిస్తుంది.

మూడోది, రీడ్‌లకు కళ్లకు గంతలు కట్టడం. కొత్త విడత రీడ్‌లను వైల్డ్‌కార్డ్ అలైనర్‌కే ఇచ్చాను, కానీ ముందే మొదటి రీడ్‌లో సీలను టీలుగా, రెండో రీడ్‌లో జీలను ఏలుగా మార్చి ఇచ్చాను. మార్చక ముందు ఒకే చోటు దొరికి, మార్చాక చోటు తేలని రీడ్‌లే సమాధానం చూసి కూర్చున్నవి. అవి ఎక్కడివో గుర్తించి చూస్తే, మొదటి గ్రాఫ్‌లో తేడా కనిపించిన అలూలు, లైన్-1ల మీదే గుమిగూడి ఉన్నాయి.

మార్చినవి, పోగొట్టుకున్నవి

అన్ని నమూనాలనూ ఒకే దారిలో మళ్లీ నడపాలి, అందులో రెండో మాట లేదు. "పాత బ్యామ్ నుంచి రీడ్‌లు వెనక్కి తీసి మళ్లీ అలైన్ చేస్తే సరిపోదా?" అని బృందంలో ఒకరు అడిగారు. సరిపోదు. చోటు తేలక తీసేసిన రీడ్‌లు ఆ ఫైళ్లలో లేవు. మిగిలిన రీడ్‌లను ఎంత నిజాయితీ గల అలైనర్‌కి ఇచ్చినా, ఎంపిక అప్పటికే జరిగిపోయింది. సీక్వెన్సర్ నుంచి వచ్చిన రీడ్‌లన్నీ ఉండే ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లే కావాలి. అడిగితే 8లో 5 నమూనాలవి దొరికాయి. మూడింటివి చోటు చాలక చెరిపేశారట. ఆ మూడు నమూనాలను పునరావృత భాగాల పోలికలోంచి పూర్తిగా తీసేశాను. ఒంటరి భాగాల పోలికలో ఉంచాను.

మళ్లీ నడిపేటప్పుడు అన్నిటికీ ఒకే రీడ్ పొడవు, ఒకే ట్రిమ్మింగ్ (రీడ్ చివరల కత్తిరింపు), ఒకే రిఫరెన్స్, ఒకే అలైన్‌మెంట్ హద్దులు. హద్దుల దగ్గర ఒక లాలస ఉంటుంది. బిస్మార్క్ మామూలుగా 100 బేస్‌ల రీడ్‌కి స్కోరు మైనస్ 20 దాటి కిందికి పోనివ్వదు. బిస్మార్క్ లోపల పనిచేసే అలైనర్ బౌటీ2లో ఒక పొరపాటుకి గరిష్ఠంగా 6 పోతుంది కాబట్టి, మంచి నాణ్యత బేస్‌లైతే మూడు పొరపాట్ల దాకా ఓర్చుకుంటుందన్నమాట. ఆ హద్దు సడలిస్తే మ్యాపింగ్ శాతం (చోటు దొరికిన రీడ్‌ల వాటా) పెరుగుతుంది, నివేదికలో బాగుంటుంది. కానీ నాలుగు అక్షరాల బదులు మూడే మిగిలిన చోట ప్రతి పొరపాటూ ఎక్కువ ఖరీదు. అలూలు నిండిన జీనోమ్‌లో సడలించిన హద్దు రీడ్‌ని పక్క ప్రతి మీదికి తేలిగ్గా తోసేస్తుంది. నేను సడలించలేదు.

మూడక్షరాల దారికి లోపాలు లేవని కాదు. అందులో రీడ్‌లో సీ ఉండి రిఫరెన్స్‌లో టీ ఉన్నా సరిపోయినట్టే లెక్క. కానీ టీ నుంచి సీని బైసల్ఫైట్ పుట్టించలేదు. అలాంటి రీడ్ వేరే ప్రతిది కావచ్చు, లేదా ఆ మనిషి జీనోమ్‌లో నిజంగానే అక్కడ సీ ఉండొచ్చు. ఈ ఆధారంతో, చోటు తేలని రీడ్‌లను సరైన ప్రతికి పంపేద్దామన్న సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. ఆ ఆధారం ఉండేది సీ మిగిలిన రీడ్‌ల దగ్గరే, అంటే మిథైల్ అయినవాటి దగ్గరే. వాటిని రక్షించి మిగతావాటిని వదిలేస్తే, ముందు తలుపు మూసిన పక్షపాతం వెనక తలుపులోంచి లోపలికి వస్తుంది. చోటు తేలిపోయిన తర్వాత అనుమానాస్పద రీడ్‌లను గుర్తు పెట్టుకోవడానికి మాత్రం వాడుకున్నాను.

రిఫరెన్స్‌లో సీ ఉండి, ఆ మనిషిలో టీ ఉన్న చోట్లు మరో బెడద. బైసల్ఫైట్ రీడ్‌లో అది మిథైల్ లేని సీలాగే కనిపిస్తుంది. తేల్చేది ఎదుటి పోగు: మిథైలేషన్ తేడా అయితే అక్కడ జీ ఉంటుంది, నిజమైన జన్యు మార్పు అయితే ఏ ఉంటుంది. ఎదుటి పోగులో ఏ కనిపించిన స్థానాలను తీసేశాను.

రసాయన పద్ధతి మారితే ఇదంతా ఎలా మారుతుందని తర్వాత చాలామంది అడిగారు. ఎంజైమ్‌లతో చేసే ఈఎమ్-సీక్‌లో కూడా చివరికి మిథైల్ లేని సీయే టీ అవుతుంది, కాబట్టి అలైన్‌మెంట్ వరకు కథ ఇదే. 2019లో వచ్చిన ట్యాప్స్ పద్ధతిలో తలకిందులు: మిథైల్ అయిన సీ టీ అవుతుంది, మిగతా జీనోమ్ నాలుగు అక్షరాలతో చెక్కుచెదరకుండా ఉంటుంది. అలైన్‌మెంట్ చాలా తేలికవుతుంది. అయినా చిన్న వయసు పునరావృత భాగాల్లో జాగ్రత్త పడాల్సిందే, ఎందుకంటే అక్కడ చోటు తేలక రాలిపోయేవి మిథైల్ అయిన రీడ్‌లు. పక్షపాతం పోదు, దిశ మార్చుకుంటుంది.

తిరిగి గీసిన గ్రాఫ్‌లో కొత్త విడతలోని ఆ రెండు ఆరోగ్యవంతమైన నమూనాలు పాత ఐదింటి పక్కకు వచ్చి చేరాయి. కణితులు వాటికి దూరంగానే ఉన్నాయి, కానీ మొదట కనిపించినంత దూరం కాదు. పునరావృత భాగాల్లో తగ్గుదల కొంత నిజమే, మిగతాది అలైనర్ పుట్టించింది. జీనోమ్‌లో పెద్ద పెద్ద నిడివిలో, ఒంటరి క్రమాల్లోనూ కనిపించిన తగ్గుదల మొదటి గ్రాఫ్‌లో ఎవరి కంటా పడలేదు. అది చెక్కుచెదరలేదు. ఇప్పుడు నివేదికలో ముందు వరసలో ఉన్నది అదే.

చిన్న వయసు అలూల వరసలో చాలా గళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిని సగటుతో నింపమని అడిగారు. ఖాళీగానే పంపాను, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో కింద రెండు వాక్యాల్లో రాసి.